రెండో పొట్లం

మరక పడి ఉండాలి కదా. అంత వానలో తడిసిన పువ్వు, అందులోనూ మందారం, చొక్కా జేబులో నలిగి నలిగి ఇల్లు చేరింది. ముదురు ఊదా రంగు మరక, సవుడు వేసి ఉడకబెట్టినా వదలని మరక, గుండె మీద పడి ఉండాలి. ఆకు పసరు మాత్రం అంటింది, అగ్గిపెట్టె అంత మేర. దాని చుట్టూ బట్ట తెల్లగానే ఉంది. మొగ్గ పెట్టిందేమో. మొగ్గ అయితే అంత తొందరగా రంగు వదలదు. లేదా ఆకు మడత గట్టిగా పడి నీళ్లు లోపలికి పోలేదేమో. కానీ లోపలి పసరు బయటికి వచ్చిందంటే...

"ఏమబ్బా, ఆ గళాసు పట్టుకోని ఎంతసేపు నిలబడతావు? దాంట్లో చేపలు ఉండాయా?"

కంచె అవతలి నుంచి తిరుమలమ్మ. నెత్తిన తడి చెనక్కాయల గంప. మునెయ్య ఉలిక్కిపడి చేతిలోని గాజు గొట్టాన్ని కంటి ఎత్తుకు తెచ్చుకున్నాడు.

చంద్రగిరి తాలూకా కచేరి వెనక నాలుగు గజాల చదరానికి ముళ్లకంచె వేసి ఉంటుంది. దాని నడుమ భూమిలో పాతిన రేకు డబ్బా, పైన గరాటు, లోపల సీసా. కచేరీ వాళ్లు దాన్ని రెయిన్‌గేజి అంటారు, ఊళ్లో వాళ్లు వానడబ్బా అంటారు. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆ సీసాలోని నీళ్లు గీతల గొట్టంలో పోసి, ఎన్ని ఇంచీలు ఎన్ని సెంట్లు కురిసిందో పుస్తకంలోకి ఎక్కించడం ఏడేళ్లుగా గుమాస్తా మునెయ్య పని.

"ఒక ఇంచీ ముప్పై రెండు సెంట్లు," అన్నాడు.

"అది నాకెందుకప్పా? నా కాయలు తడిసేది ఎట్లా తడిసినాయి. ఈపొద్దు వాన వస్తాదా, రాదా? వచ్చేట్టుంటే వసారాలో పోస్తా, రానట్టుంటే కళ్లంలో పరుస్తా."

"పడినాక చెప్తాను."

"నువ్వు చెప్పేలోపల నా కాయలు మొలకలెత్తుతాయి. నీకన్నా మా బర్రె మేలు. ముట్టె పైకెత్తి గాలి పీల్చిందంటే గంటలో వాన." నవ్వుకుంటూ సాగిపోయింది.

పడినాక మునెయ్య. ఊళ్లో అతనికి ఆ పేరు వచ్చి చాలా కాలమైంది. అతను నొచ్చుకోడు. పడిన వానకు ఒక అంకె ఉంటుంది, ఆ అంకెను ఎవరైనా వచ్చి గీత మీద చూసుకోవచ్చు. పడని వాన గురించి నోరు విప్పితే, ఆ తరవాత జరిగే దానికంతా నోరు విప్పిన వాడే జవాబుదారీ. ఈ సంగతి అతనికి ఆరో ఏటే తెలిసింది. తెలియడం అంటే బుద్ధికి తెలియడం కాదు. కుడిచేతికి తెలిసింది.

గొట్టంలో నీళ్లు నేల మీద కుమ్మరించాడు. మామూలుగా ఆ క్షణం అతనికి ఇష్టం. నిన్న అనేది అక్కడితో అయిపోయి మట్టిలోకి ఇంకిపోతుంది. ఈ రోజు అట్లా అనిపించలేదు. నిన్న ఇంకా జేబులోనే ఉంది. చొక్కా మార్చుకున్నాడు గానీ, దాన్ని పాత జేబులోంచి తీసి ఈ జేబులో పెట్టుకున్నాడు. మోదుగాకు పొట్లం, అరటినారతో రెండు చుట్లు కట్టినది, విప్పనిది.

విప్పకూడదు కూడా.

వాళ్ల వైపు దాన్ని పువ్వు అడగడం అంటారు. తెగని మాట ఏదైనా ఉంటే, పెళ్లి కానీ, బావి తవ్వకం కానీ, ఊరు మారడం కానీ, ఊరి చివర గంగమ్మ ముందు రెండు పొట్లాలు పెడతారు. ఒకదాంట్లో ఎర్ర మందారం, ఒకదాంట్లో తెల్ల నందివర్ధనం. ఎరుపు వస్తే సరే అని, తెలుపు వస్తే వద్దని. పూజారి ఆ రెండూ పళ్లెంలో వేసి తిప్పుతాడు. ఒకరు చెయ్యి చాపి ఒకటి తీస్తారు. తీసినదాన్ని అందరి ముందూ విప్పుతారు. మిగిలినదాన్ని విప్పకుండా గుడి పక్క బావిలో వేస్తారు. అమ్మ చెప్పని మాటను మనిషి చూడకూడదని ఆచారం. మునెయ్యకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ రెండో పొట్లాన్ని విప్పిన వాళ్లు లేరు, విప్పాలని అనుకున్న వాళ్లూ లేరు.

నిన్న సాయంత్రం అడిగింది అతని గురించే.

నెల కిందట మద్రాసు నుంచి ఒక కాగితం వచ్చింది. అక్కడి వాతావరణ ఆఫీసులో మనుషులు కావాలట. తాలూకాల నుంచి వచ్చే వానలెక్కల్లో చంద్రగిరివి ఏడేళ్లుగా ఒక్క రోజు తప్పకుండా, ఒక్క దిద్దుబాటు లేకుండా వస్తున్నాయట, ఆ రాసేవాడు ఎవరో అతను వస్తాడా అని అడిగారు. గాలిని, మబ్బును, పాదరసం ఎత్తును చూసి రేపటి వాన చెప్పడం నేర్పుతారు. హెడ్డు గుమాస్తా శఠగోపం ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి వినిపించాడు.

"ఏమయ్యా, యుద్ధం నడిచినన్నాళ్లూ వాన కబురు కూడా శత్రువు వింటాడని దాచిపెట్టినారు. ఇప్పుడు చెప్పొచ్చునట. నువ్వు పోయి చెప్పు. ఈడ కూర్చుంటే ముసలాడివయ్యేదాకా పడిన నీళ్లే కొలవాల."

"అత్తను ఒంటరిగా వదిలి ఎట్లా పోయేది సామీ?"

"తోడుకుని పో. మద్రాసులో మనుషులు లేరా, అత్తలు లేరా?"

ఇంటికి వచ్చి చెబితే తాయమ్మ చేటలో బియ్యం ఏరుతూనే వింది. మేనత్త ఆమె, తండ్రి చెల్లెలు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. నాలుగేళ్ల కిందట తండ్రీ పోయాక ఆ ఇంట్లో ఇద్దరే మిగిలారు. "ఆ పట్నానికి నేను రాలేను నాయనా, ఆ ఉప్పుగాలి నాకు పడదు," అంది. మళ్లీ తనే, "నువ్వు పోవాలంటే పో. నేను అడ్డం రాను. అయినా ఒకసారి గంగమ్మను అడిగితే మంచిది గదా," అంది. పొట్లాలు తనే కట్టింది. నిన్న సాయంత్రం ఇద్దరూ గుడికి నడిచారు. చూపు మసకబారిన పూజారి ఓబయ్య పళ్లెం తిప్పాడు. మునెయ్య కుడిచెయ్యి చాపాడు. తెల్లపువ్వు వచ్చింది.

"అమ్మ మాట," అని తాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ రెండోది నువ్వే బావిలో వెయ్యి నాయనా, నాకు కండ్లు ఆనవు," అన్నాడు ఓబయ్య. తీసుకుని బావి వైపు నాలుగడుగులు వేశాడో లేదో కోట కొండ మీది నుంచి వాన ఊడిపడింది. ఉన్న ఒక్క గొడుగూ అత్తకు పట్టి పరుగులాంటి నడకతో ఇల్లు చేరేసరికి నిలువునా తడిసిపోయాడు. పొట్లం సంగతి మరిచిపోయాడు. పొద్దున దండెం మీది చొక్కా తీస్తే చేతికి తగిలింది. కచేరీ బావిలో వేద్దాంలే, బావి ఏదైనా నీళ్లే కదా అనుకుని జేబు మార్చాడు.

అప్పుడే చూశాడు మరక లేకపోవడాన్ని. చూసి, చూడనట్టు ఊరుకున్నాడు. మనసు కొన్నిటిని తలుపు బయటే నిలబెడుతుంది. అవి పోవు. వాకిట్లో కూర్చుని, లోపలి మనిషి ఎప్పుడు వంగుతాడా అని కాచుకుంటాయి. వానడబ్బా ముందు వంగినప్పుడు అది లోపలికి వచ్చేసింది.

కచేరీలోకి పోయి పుస్తకం తెరిచాడు. తేదీ, ఒకటి, ముప్పై రెండు. పుస్తకం మడతలో, తెల్లవారగానే రాసి తెచ్చిన కాగితం ఉంది. శఠగోపం దాని కింద ఒక ముక్క ఇంగ్లీషులో రాసి మధ్యాహ్నం రెండు గంటల తపాలాకు పంపాలి. అదే ఆఖరు రోజు. 'నా ఇంటి పరిస్థితుల వల్ల తమరు దయతో ఇస్తున్న ఉద్యోగంలో నేను చేరలేను.' అక్షరాలు గుండ్రంగా, ఎప్పటిలాగే దిద్దుబాటు లేకుండా ఉన్నాయి.

"రాసినావా?" బల్ల అవతలి నుంచి శఠగోపం అడిగాడు. "పోతాననే కదా?"

"మధ్యాహ్నం ఇస్తాను సామీ."

"ఇచ్చేటప్పుడు కొట్టివేతలు లేకుండా ఇవ్వు. ఉంటే పక్కన పొడి సంతకం పెట్టు. సంతకం లేని కొట్టివేత ఎవరు కొట్టినారో ఎవరికి తెలుసు? దేవుడు వచ్చి కొట్టినాడా?" ఈ మాట ఆయన కచేరీలో ప్రతివాడికీ, ప్రతి కాగితానికీ చెబుతాడు. మునెయ్యకు మాత్రం చెప్పనక్కర లేదు. ఏడేళ్లలో అతను ఒక్కదాన్నీ కొట్టివేయలేదు.

మందారం అయితే మరక పడుతుంది. బడి రోజుల్లో పలకలు నల్లబడడానికి మందారం రేకులు రుద్దేవాళ్లు. వేళ్లకు అంటిన ఆ నలుపు రెండు రోజులు పోయేది కాదు. నందివర్ధనం ఎంత నలిగినా రంగు ఉండదు. అయితే జేబులోది నందివర్ధనం. తీసిందీ నందివర్ధనమే. రెండూ తెలుపే అయితే, అతని చెయ్యి ఏది పట్టుకున్నా ఒకటే. పొట్లాలు కట్టింది అత్త. పొరపాటున కట్టిందా? రెండు రంగులు చూసి కట్టే చోట పొరపాటు ఎట్లా వస్తుంది?

అత్త అట్లా చేయదు. ఆమెను తప్పు పట్టడానికి లోకంలో ఎవరికి హక్కున్నా తనకు లేదు.

తనకు ఆరేళ్లప్పుడు, ఇరవై ఏళ్ల కిందట, తాయమ్మకు పదిహేడు. కోలారు బంగారు గనుల్లో పనిచేసే కుప్పయ్య చూడవచ్చాడు. తలకు నూనె రాసి పాపిట తీసుకుని, చేతికి గడియారం కట్టుకుని వచ్చాడు. మునెయ్య తండ్రికి తెగ నచ్చాడు. మాట కూడా ఇచ్చేశాడు. ఎందుకైనా మంచిదని పువ్వు అడిగారు. చిన్నపిల్లల చెయ్యి అయితే కల్లాకపటం ఉండదని మునెయ్యను ముందుకు తోశారు. ఆ పళ్లెం అంచు చల్లదనం అతనికి ఇప్పటికీ గుర్తు. ఎడమవైపుది తీయబోయి, ఎందుకో ఆగి, కుడివైపుది తీశాడు. ఓబయ్య విప్పాడు. తెలుపు. తండ్రి చెయ్యి భుజం మీద బరువుగా పడింది. అత్త కొంగు మొహానికి కప్పుకుని గుడి వెనక్కి పోయింది. ఆమె భుజాలు వణకడం వెనక నుంచి చూశాడు. ఏడుస్తోంది. ఎడమవైపుది తీసి ఉంటే ఏడ్చేది కాదు.

గంగమ్మ వద్దన్న పిల్లకు మరో సంబంధం రాలేదు. వచ్చిన ఒకటి రెండూ ఆ కబురు విని గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయాయి. అతనికి పన్నెండేళ్లప్పుడు, కుప్పయ్య భార్యాపిల్లలతో తిరుమలలో పిల్లలకు గుండ్లు కొట్టించి వస్తూ, పాత పరిచయం కొద్దీ వీళ్ల ఇంటి ముందు బండి ఆపాడు. పచ్చగా ఉన్నాడు. భార్య ముక్కున రాళ్ల బేసరి, ఒళ్లో నవ్వే పిల్ల. అత్త వాళ్లందరికీ మజ్జిగ ఇచ్చింది, పిల్లకు వెన్న పెట్టింది. ఆ రాత్రి మునెయ్య అన్నం ముద్ద నోట పెట్టుకోలేకపోయాడు. ఆ గొప్ప, ఆ బేసరి, ఆ పిల్ల, అన్నీ అత్తవి. తన కుడిచెయ్యి తీసి వేరేవాళ్లకు ఇచ్చేసింది.

ఆ రోజు నుంచి ఆ చేతికి శిక్ష వేసుకుంటూనే ఉన్నాడు. మేష్టరు చిత్తూరు హైస్కూల్లో చేర్పిస్తానంటే పోలేదు, అత్త ఒంటరిదైపోతుందని. రెండు సంబంధాలు వస్తే వద్దన్నాడు, ఇంకో ఆడమనిషి వస్తే అత్త ఆ ఇంట్లో రెండోది అవుతుందని. సంతకు పోతే ఏ చీర కొనాలో తేల్చుకోలేక రెండూ ముట్టుకుని తిరిగి వచ్చేవాడు. రెండిట్లో ఒకటి అనే మాట వస్తే అరచెయ్యి చెమర్చేది. చివరికి, జరిగినదాన్ని మాత్రమే రాసే పని ఒకటి దొరికితే దాంట్లో దూరి తలుపేసుకున్నాడు. దీన్ని అతను త్యాగం అనుకోలేదు. అప్పటిదాకా తనకు ఏ అనుమానమూ లేని నిజం లోకంలో అదొక్కటే. తప్పు చేశాడు, దిద్దుకుంటున్నాడు.

పన్నెండున్నరకు శఠగోపం తాసీల్దారు గదిలోకి పోగానే మునెయ్య లేచి ఇంటికి నడిచాడు. పని వేళలో కచేరీ వదలడం ఏడేళ్లలో అదే మొదలు.

తాయమ్మ గడపలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. బాగా తెలిసిన మొహం, ఎండకు నల్లబడిన చేతులు. ఈ వేళప్పుడు అతను రావడం చూసి, "ఏమి నాయనా, ఒళ్లు వెచ్చబడిందా? నిన్న తడిసినావు గదా. కసాయం కాస్తా ఉండు," అంది.

అతను జేబులోంచి పొట్లం తీసి గడప మీద, ఆమె చేట పక్కన పెట్టాడు.

అదేమిటని ఆమె అడగలేదు. అడిగి ఉంటే, ఆ ఒక్క మాటతో అతను తిరిగి కచేరీకి పోయి ఉండేవాడు. ఆమె చేతిలోని కాయ చిట్లింది, గింజలు చేటలో పడ్డాయి.

"బావిలో వెయ్యలేదా?"

"వాన వచ్చె గదా. జేబులో ఉండిపోయింది."

"విప్పినావా?"

"లేదు."

"మరి నీకెట్లా తెలిసె?"

అన్నాక ఆమెకు తెలిసింది ఏమందో. మునెయ్య గడప ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. వీధిలో ఎవరిదో బండి పోయింది. ఇరుసు కిర్రుమనడం మలుపు తిరిగేదాకా విన్నాడు. ఆశ్చర్యం, కోపం రాలేదు. గాజు గొట్టంలో నీటిమట్టం నిలకడకు వచ్చేదాకా కాచుకున్నట్టు కాచుకున్నాడు.

"మరక పడలేదు అత్తా."

తాయమ్మ తల వంచుకుంది. "మందారం చెట్టుకు పూలు ఉండినాయి," అంది. "కోసినా కూడా. చేతిలో పెట్టుకోని కూసున్నా. మళ్లీ పెరట్లోకి పోయి పారేసి, ఇంకో నందివర్ధనం తెచ్చినా."

"పోవద్దని నోటితో అనుంటే ఉండిపోయేవాణ్ణి గదా."

"తెలుసు."

"తెలిసి మరి?"

"అడగడం నాకు చేతగాలే నాయనా. నేను అడిగితే నువ్వు నా కోసం ఉంటావు. అప్పుడు దినమ్మూ నీ మొకం చూడాల నేను. అమ్మవారు అంటే, అది ఎవురి తప్పూ కాదు గదా."

ఆ మాటలోనే ఏదో ఉంది. ఆరితేరిన మాట అది. చేతికి అలవాటైన పని గబగబ జరిగిపోయినట్టు వచ్చింది. మునెయ్య ఆమె వేళ్ల వైపు చూశాడు. అరటినార రెండు చుట్లు, కింద జారుముడి. అత్త ఏ పొట్లం కట్టినా అంతే. ఇరవై ఏళ్ల కిందట పళ్లెంలో ఉన్నవాటికీ అదే ముడి. ఓబయ్య పంటితో లాగితే ఒక్క లాగుకే ఊడి వచ్చింది.

"ఇదొక్కసారేనా అత్తా?"

చేట మీద చేతులు ఆగిపోయాయి. ఆమె అబద్ధం చెప్పగలదు. చెబితే నమ్ముదామని అతను సిద్ధంగా ఉన్నాడు, నమ్మడానికి కావలసిన సాకులు కూడా లోపల పేర్చి పెట్టుకున్నాడు.

"రెండుసార్లు," అంది తాయమ్మ.

ఆగకుండా చెప్పుకుపోయింది, గోడకు చెబుతున్నట్టు.

"నాకు ఆయప్ప వద్దు. ఎందుకంటే ఏం చెప్పేది? ఆయప్ప నవ్వినప్పుడు పండ్లు చూసినా. అంతే. వద్దనిపించింది. మీ నాయన మాట ఇచ్చేసినాడు. పండ్లు బాగలేవని చెప్తే చెంప పగలగొట్టుండును. నేను వద్దంటే పొగరు. గంగమ్మ వద్దంటే ఎవురు ఏం అంటారు? పొట్లాలు నన్నే కట్టమన్నారు. కట్టినా."

"ఏడ్చినావు గదా. గుడి వెనక. నేను చూసినా."

తాయమ్మ అతని వైపు తిరిగింది. ఆ మొహంలో సిగ్గు ఉంది, కానీ దాని వెనక ఇంకేదో కూడా ఉంది. పదిహేడేళ్ల పిల్ల ఒకతె అక్కడి నుంచి ఇంకా తొంగి చూస్తోంది.

"నవ్వు ఆపుకోలేకపోయినా నాయనా. అందరి ముందరా నవ్వితే తెలిసిపోతాదని కొంగు కప్పుకోని పోయినా."

ఆ వణికే భుజాలు. ఇరవై ఏళ్లుగా అతను కళ్లు మూసుకుంటే కనబడే భుజాలు. వాటిని తల్చుకుని అతను చిత్తూరు పోలేదు. వాటిని తల్చుకుని ఇద్దరు ఆడపిల్లల నాన్నలకు నమస్కారం పెట్టి పంపేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు కూడా కళ్ల ముందు అదే బొమ్మ. ఒక్క గీత మారలేదు. భుజాలు అట్లాగే వణుకుతున్నాయి. కానీ నవ్వుతున్నాయి.

"నాకు చెప్పొచ్చు గదా."

"ఆరేండ్ల పిల్లోడికి చెప్తే ఊరంతా చెప్తాడు."

"పన్నెండేండ్లప్పుడు? కుప్పయ్య వచ్చి పోయిన దినం?"

"చెప్పాలనే వచ్చినా," అంది తాయమ్మ. గొంతు తగ్గింది. "దీపం పట్టుకోని నీ దగ్గరికి వచ్చినా. నువ్వు అన్నం పక్కన పెట్టి నా కాళ్లు పట్టుకున్నావు. పెద్దయినాక నిన్ను నేను చూసుకుంటా అత్తా, యాడికీ పోను అన్నావు. అట్లాంటి మాట నాతో అంతకు ముందు ఎవురూ అనలే. మా నాయన అనలే, మా అన్న అనలే. రేపు చెప్దాం, ఇంకో దినం చెప్దాం అనుకున్నా. ఒక దినం ఆ మాట నాది అయిపోయింది. నాది అయినాక తీసి ఇయ్యబుద్ధి కాలే."

ఇది నిజం. ఇంతకంటే నిజం ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆమె తనకు కీడు తలపెట్టి ఉంటే బాగుండేది. కీడుకు ఒక పేరుంటుంది, దాన్ని తిట్టవచ్చు. ఆమె చేసింది అది కాదు. అతను రాత్రిళ్లు ఒంటరిగా మోసిన తప్పు, ఎవరికీ చూపించని తప్పు, తనదే అని నమ్మిన ఒక్కగానొక్క వస్తువు, అది ఆమె తోటలో పెరిగిన చెట్టు. ఆమె దాని నీడలో కూర్చుంది. అతను రోజూ నీళ్లు పోస్తుంటే చూస్తూ కూర్చుంది. కళ్లలో ప్రేమే ఉంది. ఎప్పుడు చూసినా ప్రేమే ఉంది.

ఎడమవైపుది తీసి ఉంటే? ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ మనసు ఆ ప్రశ్న దగ్గరికే పోయింది. పోయి, అక్కడ నేల లేకపోతే తూలిపడ్డట్టు తూలింది. ఎడమవైపుది తీసి ఉన్నా అదే. ఆ చెయ్యి ఎప్పుడూ ఏదీ తీయలేదు. ఏదీ పోగొట్టలేదు. ఆరేళ్ల పిల్లాడు పళ్లెం ముందు ఒక్క క్షణం ఆగి మార్చుకున్న ఆ మనసు, తను ఎన్నోసార్లు శపించుకున్న ఆ మనసు, దానికి అసలు ఏ విలువా లేదు. తప్పు లేదని తెలిస్తే తేలికపడాలి కదా. తేలిక కాలేదు. ఇంట్లో సామానంతా ఎవరో ఎత్తుకుపోతే వచ్చే ఖాళీ అది.

"తిట్టు నాయనా," అంది తాయమ్మ. "ఒక మాట అను."

అతను లేచాడు. ఏదో ఒకటి అనాలని చూశాడు. గొంతు దాకా వచ్చినవన్నీ పాత మాటలే, అత్తను సముదాయించే మాటలే. వాటిని ఆమెకు ఇవ్వబుద్ధి కాలేదు.

"కాయలు లోపల పెట్టుకో," అన్నాడు చివరికి. "గాలి తూర్పుకు తిరిగింది. సాయంత్రం వాన వస్తాది."

తాయమ్మ అతని మొహంలోకి చూసింది. అతను పడినాక కాకుండా ముందు చెప్పడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ మాటను ఆమె గమనించిందో, గాలినే గమనించిందో అతను ఆగి చూడలేదు. పొట్లం గడప మీదే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు, అతనూ ముట్టుకోలేదు.

దారిలో కళ్లంలో తిరుమలమ్మ కాయలు పరిచేసి ఉన్నాయి. అతని కోసం కాచుకోలేదు. గొంగడి నెత్తిన వేసుకుని, కర్రతో కాయలు తిరగేస్తూ, అతన్ని చూసి, "ఏమబ్బా, పడిందా?" అని ఎగతాళి చేసింది. "ఇంకా లేదు. మూడు గంటలకల్లా ఎత్తేసుకో," అని సాగిపోయాడు. ఆమె కర్ర ఆగడం వెనక నుంచి వినబడింది.

కచేరీలో శఠగోపం తపాలా సంచీకి లక్క వేయడానికి కొవ్వొత్తి వెలిగించి పెట్టుకున్నాడు. "యాడికి పోయినావయ్యా? రెండు కావస్తోంది. కాగితం ఇటియ్యి."

"ఒక్క నిమిషం సామీ."

మునెయ్య వానపుస్తకం తెరిచాడు. మడతలో కాగితం ఉంది. తిరిగి రాయడానికి వేళ లేదు, చేతిలో మరో తెల్లకాగితమూ లేదు. కలం సిరాలో ముంచాడు. అరచెయ్యి చెమర్చింది. ఎప్పటిలాగే చెమర్చింది, అది అంత తొందరగా మానే రోగం కాదు. కుడిచేతిని ఒకసారి పంచెకు తుడుచుకున్నాడు. గుండ్రటి అక్షరాల వెంట నిబ్బు మొన నడిపిస్తూ చివరి మాట దాకా వచ్చాడు. చేరలేను. నడుమ ఉన్న 'లే' మీద అడ్డంగా ఒక గీత గీశాడు. దాని పైన, ఖాళీలో, చిన్నగా 'గల' అని రాశాడు.

సిరా ఆరేదాకా చూశాడు. తరవాత ఆ కొట్టివేత పక్కన పొడి సంతకం పెట్టాడు.